పద్నాలుగో అంతస్తు గుమ్మం

జడ్జి గారు పోయారన్న కబురు నాకు ఒక హియరింగ్ మధ్యలో, బ్రేక్ ఇచ్చినప్పుడు తెలిసింది. నేను ఇక్కడి కోర్టుల్లో, ట్రిబ్యునళ్ళలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. ఈమధ్య మా పని సగం కంప్యూటర్ తెర మీదే నడుస్తోంది కాబట్టి, ఆ ఉదయం స్కార్‌బరోలో మా వంటగది బల్ల దగ్గరే కూర్చుని, కెమెరాకి కనబడే మేరకు నల్లకోటు తగిలించుకుని, ఎవరో ఒకాయన తెలుగులో చెప్పేది ఇంగ్లీషులో చెబుతున్నాను. టీ పెట్టుకుందామని లేచి ఫోన్ చూస్తే, ఆవిడ ఒకప్పుడు పనిచేసిన లీగల్ క్లినిక్ నుంచి మెసేజ్. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట.

టీ పెట్టుకోలేదు. బ్రేక్ అయిపోయింది, వచ్చి కూర్చున్నాను. మా వృత్తిలో సాక్షి ‘నేను’ అంటే మేమూ ‘నేను’ అనాలి. ఆయన నవ్వితే నవ్వనక్కర్లేదు గానీ, మన ఏడుపు మాత్రం ఆయన మాటల్లో కలవకూడదు. ఇదంతా నాకు నేర్పింది ఆవిడే. కాబట్టి ఆ పూట పని పూర్తయ్యేదాకా మామూలుగానే చేసి, కంప్యూటర్ మూసేసి, అప్పుడు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఈ ఊరి తెలుగువాళ్ళకి ఆవిడ పేరు తెలిసినంతగా మనిషి తెలియదు. ‘మనవాళ్ళలో జడ్జి అయింది, మన ఫంక్షన్‌కి ఒక్కదానికీ రాదు, ఏం బెట్టో’ అన్న మాట మీరూ వినే ఉంటారు. మా ఇంట్లోనూ వినబడింది, అదీ మా అత్తగారి నోట. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆవిడ ఎందుకు రాలేదో నాకు తెలుసు.

ఆవిడ వైజాగ్‌లో లా చదివి, కొన్నాళ్ళు అక్కడే ప్రాక్టీస్ చేసి, పెళ్ళయ్యాక ఇంజనీరు భర్తతో ఈ దేశానికి వచ్చారు. అక్కడి చదువు ఇక్కడ చెల్లదంటే మళ్ళీ మొదట్నుంచీ పరీక్షలు రాశారు. డౌన్‌టౌన్‌లో పెద్ద ఆఫీసులున్నా, స్కార్‌బరోలో బట్టలుతికే షాపు పైన రెండు గదుల్లో ఉన్న లీగల్ క్లినిక్‌లో చేరారు. అద్దె ఇళ్ళవాళ్ళు, ఉద్యోగం ఊడినవాళ్ళు, డబ్బిచ్చి లాయర్ని పెట్టుకోలేనివాళ్ళు అక్కడికి వచ్చేవారు. నేను ఆవిడని కలిసేనాటికి లాయరే. కానీ నాకు ‘జడ్జి గారు’ అనే అలవాటు, అలాగే రాస్తాను.

ఇరవై ఏళ్ళ పైమాటే. అప్పుడూ ఈ బిల్డింగే, ఈ పద్నాలుగో అంతస్తే. మా ఆయన వేర్‌హౌస్‌లో పని, నాకు ఒక గుజరాతీ ఆయన షాపులో పార్ట్‌టైమ్. మా అత్తగారిని స్పాన్సర్ చేసి తెనాలి నుంచి తీసుకొచ్చాం. ఊళ్ళో ఉన్నప్పుడు కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగిన మనిషి. ఇక్కడికొచ్చేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా రోజూ మధ్యాహ్నం లిఫ్టులో దిగి, రోడ్డు దాటి, తమిళుల కూరల కొట్టుకెళ్ళి బెండకాయల తోకలు విరిచి చూసి కొనుక్కొచ్చేది. విరవొద్దని షాపువాళ్ళు ఇంగ్లీషులో బోర్డు పెట్టారు. చదవడం రాదని ఆవిడ ధీమా.

మా బిల్డింగుకి రెండు లిఫ్టులు. ఒకటి మేం వచ్చేనాటికే చచ్చి ఉంది. రెండోది దాని ఇష్టం వచ్చినప్పుడు నడిచేది. ఆ ఏడాది చలి మొదలవుతుండగా అది కూడా ఆగిపోయింది. పార్ట్స్ రావాలని లాబీలో కాగితం అంటించారు. కాగితం పసుపు పచ్చగా మారింది గానీ పార్ట్స్ రాలేదు. నేనూ మా ఆయనా ఎలాగో మెట్లెక్కి దిగుతున్నాం. మా అత్తగారు మాత్రం పైనే ఉండిపోయింది. కిటికీ దగ్గర కూర్చుని కింద బస్టాపులో ఎవరెక్కారో ఎవరు దిగారో చెప్పేది. నేను తెచ్చిన బెండకాయలు ముదురువని రోజూ గొడవ. మొదట్లో నాకు చిరాకేసేది. తర్వాత్తర్వాత ఆవిడ గొడవ పెట్టుకోవడం మానేసింది, ముదురువే నమిలి ఊరుకుంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఎవరు పిలిచారో, క్లినిక్ వాళ్ళు లాబీలో మీటింగ్ పెట్టారు. కిందకి రాలేనివాళ్ళు ఎవరెవరున్నారని అడిగి, మర్నాడు జడ్జి గారే మెట్లెక్కి పైకొచ్చారు. తలుపు తీసేసరికి ఆవిడ గోడ పట్టుకుని ఆయాసపడుతూ ఉన్నారు. మా అత్తగారు మంచినీళ్ళిచ్చింది. తాగారు. తర్వాత కందిపచ్చడి అన్నం తినమంటే వద్దన్నారు. కాఫీ వద్దు, అరటిపండు వద్దు. కేసు పెట్టేవాళ్ళింట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోకూడదని ఆవిడ పెట్టుకున్న నియమం. నీళ్ళు తాగి వెళ్ళిపోయిన మనిషిని మా ఇంట్లో ఇంతవరకూ చూడలేదని మా అత్తగారు ముఖం గంటు పెట్టుకుంది.

వంటగదిలో ఆకుపచ్చ రెక్సిన్ సీట్ల కుర్చీలు నాలుగుండేవి, ఎవరో అమ్మేస్తుంటే కొన్నవి. ఒకదాంట్లో జడ్జి గారు, ఎదురుగా మా అత్తగారు. అత్తగారు మొదలుపెట్టింది: పదకొండో అంతస్తులో ఫలానావాళ్ళ పిల్ల మెట్ల మీద పడిందట, ఎనిమిదో అంతస్తు ముసలాయనకి అంబులెన్సు వాళ్ళు రావడానికి ఆలస్యమైందట. జడ్జి గారు చెయ్యి ఎత్తి ఆపారు.

“విన్నది వద్దు పెద్దమ్మగారూ. వాళ్ళని వాళ్ళ ఇంటికెళ్ళి అడుగుతాను. మీకు జరిగింది చెప్పండి.”

“నాకేం జరిగిందమ్మా? నాకేమీ జరగట్లేదు. అదేగా బాధ” అంది మా అత్తగారు.

జడ్జి గారు అది రాసుకున్నారు. అలాగే అన్ని అంతస్తులూ తిరిగారు. ఆ కేసు అంతా ఒక్క వాదన మీద నిలబెట్టారు. లిఫ్టు అనేది బిల్డింగువాళ్ళు దయతలచి ఇచ్చే సౌకర్యం కాదు, పద్నాలుగో అంతస్తులో ఉన్నవాళ్ళకి అది గుమ్మం. గుమ్మం లేని ఇల్లు అద్దెకివ్వడం కుదరదు. మీటింగులో అందరికీ ఇంగ్లీషులో చెప్పి, మా అత్తగారికి తెలుగులో చెప్పి, పక్కింటి తమిళావిడకి చేతులతో తలుపు తీసి మూసి చూపించి మరీ చెప్పారు.

కేసులో ముందు పేరు మా అత్తగారిది. ఆవిడ పేరు మీద గెలిస్తే మిగతా అందరికీ అదే దారి అవుతుంది. ఒక్కరి కోసం వేసిన కేసు ఒక్కరి దగ్గర ఆగకూడదనేది జడ్జి గారి మాట, అది తర్వాత చాలాసార్లు విన్నాను. బిల్డింగువాళ్ళకీ ఆ సంగతి తెలుసు. హియరింగ్ దగ్గర పడుతుండగా వాళ్ళ మనిషి ఒకడు వచ్చి, మా ఆయన్ని లాబీలో పట్టుకుని మాట్లాడాడు. దగ్గర్లోనే వాళ్ళదే ఇంకో బిల్డింగులో రెండో అంతస్తు ఇల్లు ఖాళీగా ఉందట. అదే అద్దెకి వెంటనే మారిపోవచ్చట, కేసు వెనక్కి తీసుకుంటే చాలట. మా ఆయన ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చారు.

జడ్జి గారికి ఫోన్ చేశాం. ఆవిడ వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, వాళ్ళ లాయరు నుంచి కూడా ఆ కబురు అందిందని చెప్పారు. తీసుకుంటే ఏమవుతుందో, తీసుకోకపోతే ఏమవుతుందో విడమరిచి చెప్పారు. తీసుకుంటే మా అత్తగారు వారంలో కింద నడవొచ్చు. కేసు పోతుంది, ఇంకొకరి పేరు మీద మళ్ళీ మొదలు పెట్టాలి. తీసుకోకపోతే గెలుస్తామని నమ్మకమేమీ లేదు.

“మీరేం చెయ్యమంటారో చెప్పండి మేడమ్” అన్నాను.

“అది నేను చెప్పకూడదు. నేను మీ లాయర్ని. బిల్డింగు మొత్తానికి కాదు.”

నాకు కోపమొచ్చింది. ఇంతదూరం తీసుకొచ్చి ఇప్పుడు చేతులు దులుపుకుంటుందేమిటి అనుకున్నాను. మా ఆయనకి మారిపోవాలని ఉంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఉంది. ఇద్దరం మా అత్తగారి వైపు చూశాం. ఆవిడ జడ్జి గారినే అడిగింది, ఆ వచ్చినవాడు తన పేరెత్తాడా అని. వాడు అబ్బాయితోనే మాట్లాడాడని తెలిసింది. అంతే, మండిపడింది. పేరు తనది, మోకాళ్ళు తనవి, ఇల్లు మారుస్తానని వాడు పిల్లాడితో బేరమాడి వెళ్ళిపోతాడా? పైగా పక్కింటి తమిళావిడకి ఇల్లు ఇస్తామన్నాడా? లేదు. మరి సాయంత్రం పూట తను ఎవరితో మాట్లాడాలి, గోడలతోనా?

“వద్దని చెప్పమ్మా లాయరమ్మా. నేను ఈ ఇంట్లోంచే కిందకి దిగుతాను.”

జడ్జి గారు పెన్నుకి మూత పెట్టి బ్యాగులో వేసుకున్నారు. సరేనన్నారు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

హియరింగ్ రోజున మేం చేసిన ఘనకార్యం వింటే ఇప్పటికీ క్లినిక్‌లో నవ్వుతారు. మా అత్తగారు ఇంటి నుంచే ఫోన్లో సాక్ష్యం చెప్పేలా జడ్జి గారు ఏర్పాటు చేశారు. మనిషి కిందకి దిగలేదనేగా కేసు! కానీ ఫోన్లో సాక్ష్యమేమిటి, పెద్దవాళ్ళ ముందుకి వెళ్ళి నిలబడి చెప్పకపోతే మర్యాద కాదు, భయపడి దాక్కుందనుకుంటారు అని మా అత్తగారి పట్టు. ఆ ఉదయం నేనూ జడ్జి గారూ ట్రిబ్యునల్‌కి ముందే వెళ్ళిపోయాం. ఇక్కడ మా ఆయనా, తమిళావిడ భర్తా, ఇంకో ఇద్దరూ కలిసి ఆవిడని వంటగది కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కుర్చీకి కట్టి, పద్నాలుగు అంతస్తులూ మోసుకుని దించారు. ట్యాక్సీలో కుర్చీతో సహా తీసుకొచ్చారు.

హియరింగ్ మొదలవుతుండగా తలుపు తెరుచుకుంది. మెరూన్ రంగు కంచిపట్టు చీర, మెడలో గుళ్ళపేరు, నుదుట రూపాయంత బొట్టు. కోర్టుకెళ్తూ పాత చీర కట్టుకుంటామా? మా అత్తగారు పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. జడ్జి గారి ముఖం పాలిపోవడం జీవితంలో ఆ ఒక్కసారే చూశాను. అవతలి లాయరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. కిందకి దిగలేని సాక్షి దిగి వచ్చారు కాబట్టి ఇంక మాట్లాడేదేముందని మొదటి ముక్కే అన్నాడు.

జడ్జి గారు లేచారు. కాగితాలు పక్కన పెట్టేశారు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళే ఇంగ్లీషులోకి మార్చి చెప్పినా ఒప్పుకునేవాళ్ళు కాబట్టి నన్నే పక్కన నిలబెట్టారు. ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. మొదటిది, ఈ రోజు కిందకి ఎలా వచ్చారు? మా అత్తగారు చెప్పింది. ఎవరెవరు మోశారు, ఏ మలుపు దగ్గర కుర్చీ గోడకి తగిలింది, ఆరో అంతస్తు దగ్గర తన కొడుకు నడుం పట్టేస్తే ఎలా మెట్ల మీదే కూర్చుండిపోయారు, అంతా. చెబుతూ చెబుతూ అవతలి లాయరు వైపు వేలు చూపించి ఒక మాట అంది. నేను అది వదిలేసి మిగతాది ఇంగ్లీషులో చెప్పాను.

జడ్జి గారు నన్ను ఆపారు. సాక్షి ఇంకో మాట కూడా అన్నారని, అది కూడా చెప్పమని ఇంగ్లీషులోనే అడిగారు. చెప్పక తప్పలేదు. ‘ఈ సూటు వేసుకున్నాయన ఒక్కసారైనా మా ఇంటికి మెట్లెక్కి వచ్చి చూశాడా?’ గదిలో ఎవరూ నవ్వలేదు. కేసు వింటున్న ట్రిబ్యునల్ మెంబరు అవతలి లాయరు వైపు చూసింది. ఆయన తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

రెండో ప్రశ్న జడ్జి గారు చాలా మెల్లిగా అడిగారు. ఇప్పుడు తిరిగి పైకి ఎలా వెళ్తారు?

మా అత్తగారు మా ఆయన వైపు చూసింది. ఆయన నడుం పట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నారు. అప్పటిదాకా ఆవిడ ఆ సంగతే ఆలోచించలేదు. గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

“అదే నాకూ తెలీడం లేదమ్మా” అంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. జడ్జి గారు ఇంక అడిగేదేమీ లేదని కూర్చున్నారు.

ఆ రోజు అత్తగారిని ఎలా పైకి చేర్చామో అది వేరే కథ. అంతస్తుకో ఇల్లు వచ్చి సాయం పట్టింది. ఆర్డరు మా వైపు వచ్చింది. బిల్డింగువాళ్ళు పైకోర్టుకి వెళ్ళారు, అక్కడా నిలిచింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల టవర్లలో లిఫ్టు ఆగితే అద్దెకున్నవాళ్ళు ముందుగా పట్టుకునేది ఆ తీర్పునే. చాలామందికి అందులో ఉన్న పేరు ఎవరిదో తెలియదు.

లిఫ్టు నడిచిన మొదటిరోజు మా అత్తగారు కిందకి దిగి, మంచులో నాలుగడుగులు వేసి, రోడ్డు దాటి బెండకాయల తోకలు విరిచింది. షాపాయన అరవలేదట. ఆ మర్నాటి నుంచి తన కుర్చీని లిఫ్టులో తనతో కిందకి తెచ్చుకుని, లాబీలో లిఫ్టుకి ఎదురుగా వేసుకుని కూర్చునేది. చూస్తూ ఉండకపోతే మళ్ళీ ఆగిపోతుందని ఆవిడ అనుమానం. రోజూ మోసుకెళ్ళడం ఎందుకని తర్వాత కుర్చీని అక్కడే వదిలేసింది. మేనేజ్‌మెంటు వాళ్ళు తీసెయ్యమని కాగితం అంటించారు. ఎవరూ తియ్యలేదు. మా వంటగదిలో అప్పటి నుంచీ మూడే కుర్చీలు.

నన్ను ఇంటర్‌ప్రెటర్ పరీక్షకి కూర్చోబెట్టింది జడ్జి గారే. మర్యాద కోసమైనా ఒక్క మాట వదలొద్దన్నది ఆ రోజు నేర్చుకున్న పాఠమే కదా, ఇంక మిగతాది సులువని నవ్వారు. నేను పాసైన కొన్నాళ్ళకి ఆవిడ్ని జడ్జిగా వేశారు. ఆ వారమే మా ఇంటికి వచ్చి, ఇకమీదట రాలేనని చెప్పారు. నేను కోర్టులో పనిచేసే మనిషిని, ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ ముందుకి వస్తాను. ఆ రోజు ఎవరికీ ఏ అనుమానమూ ఉండకూడదు. తెలుగు సంఘాలవాళ్ళు ముఖ్య అతిథిగా పిలిచినా వెళ్ళకపోవడానికీ అదే కారణం. ఆ వేదిక మీద పక్కన కూర్చున్న ఇంటి ఓనరు రేపు ఎదురుగా నిలబడొచ్చు.

“కేసున్నప్పుడు తినకూడదన్నావు. గెలిచాక తిందువుగాన్లే అనుకున్నాను. ఇప్పుడు అసలు రానే రావా? ఇదేం ఉద్యోగమమ్మా!” అంది మా అత్తగారు. ఆ బాధ ఆవిడకి పోలేదు. ఎవరింటికెళ్ళినా ‘జడ్జి అయింది, బెట్టు’ అని చెప్పుకునేది. అది ప్రేమతో తిట్టిన తిట్టని వినేవాళ్ళకి తెలియదు.

కొన్నేళ్ళకి నేను నిజంగానే ఆవిడ ముందుకి వెళ్ళాను. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంటు ఇంట్లో మంటలు రేగి, అక్కడ అద్దెకున్న స్టూడెంట్ ఒకమ్మాయికి ఒళ్ళు కాలింది. బయటికి రావడానికి రెండో దారి లేదు. ఆ అమ్మాయి ఇంటి ఓనరు మీద దావా వేసింది. ఆమె రూమ్మేటు సాక్షి, కరీంనగర్ వైపు పిల్ల. జడ్జి గారు ముందే కోర్టులో చెప్పేశారు, ఒకప్పుడు ఇంటర్‌ప్రెటర్ కుటుంబం తరఫున తాను వాదించానని, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. ఇద్దరు లాయర్లూ లేదన్నారు.

సాక్షి పిల్ల బోనులో నిలబడింది. బెదిరిపోయి ఉంది. జడ్జి గారి ముఖం చూసి, పేరు చూసి, ప్రాణం లేచొచ్చినట్టు అయింది.

“మేడం, మీకు తెలుగొస్తది గదా. నేను చెప్పేది మీకు మంచిగ అర్థమైతది. మధ్యల ఈమె ఎందుకు?”

‘మధ్యలో ఈమె ఎందుకు’ అని నా గురించి నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట వదల్లేదు. జడ్జి గారు ఆ పిల్ల మాట్లాడుతున్నంతసేపూ ఏ భాషో తెలియనట్టు కూర్చున్నారు. నేను చెప్పడం పూర్తయ్యాకే తల ఎత్తారు. ఆవిడ ఇంగ్లీషులో అన్నది నేను ఆ పిల్లకి తెలుగులో చెప్పాను.

“ఈ గదిలో అందరికీ వినబడనిది నాకూ వినబడకూడదు. అవతలివాళ్ళకి కూడా మీ మాట అందాలి కదా. తొందరేమీ లేదు, నెమ్మదిగా చెప్పండి.”

ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ చెప్పింది. కేసులో అడిగినవన్నీ ఇవ్వలేదు. కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని కొట్టేశారు. కొట్టేసినవాటికే ఎక్కువ పేజీలు రాశారు, ఎందుకు కుదరదో మామూలు ఇంగ్లీషులో, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు. ఓడినవాళ్ళు తీర్పు చదువుతారు, గెలిచినవాళ్ళు చదవరని ఆవిడ నమ్మకం. ఇంటికి వచ్చి నేను ఈ సంగతేమీ అత్తగారికి చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

మా అత్తగారు పోయినప్పుడు అంత్యక్రియలకి జడ్జి గారు వచ్చారు. వెనక వరసలో నిలబడి, దణ్ణం పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. నేను చూశాను. ఆవిడ నన్ను చూశారో లేదో తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి రిటైరయ్యారు. మర్నాడే ఫోన్ చేసి, ఇప్పుడు భోజనానికి రావచ్చా అని అడిగారు. ఆ ఆదివారం రిచ్‌మండ్ హిల్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చారు. నేను కిందకి దిగి ఎదురెళ్ళాను. లిఫ్టు బటన్ నొక్కి, తలుపు పైన వెలిగే అంకెల వైపే చూస్తూ నిలబడ్డారు. ఆ కేసు తర్వాత ఏ బిల్డింగులోనైనా అంతేనట, లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుంటే గానీ మనసు కుదుటపడదట. గోడ పక్కనున్న ఆకుపచ్చ కుర్చీని చూసి, చేత్తో ఒకసారి తట్టి, లిఫ్టులోకి వచ్చారు.

కందిపచ్చడి చేశాను, బెండకాయ వేపుడు చేశాను. మూడు కుర్చీలు, ముగ్గురం. కడుపునిండా తిన్నారు, పచ్చడి రెండోసారి వేసుకున్నారు. అది చూడ్డానికి అత్తగారు లేకపోయె అని నాకు దుఃఖం వచ్చింది. ఆ మాట పైకే అన్నాను. ఆవిడ తల ఊపారు. అన్నేళ్ళుగా మనసులో ఉన్నది అప్పుడు అడిగాను, రెండో అంతస్తు ఇల్లు తీసుకోమని గానీ వద్దని గానీ ఆ రోజు ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదని.

“మీ అత్తగారు సరేనంటే ఏం అనాలో మెట్లెక్కుతూ అనుకుంటూ వచ్చాను. ‘మంచిదండీ, చాలా సంతోషం’ అని. ముఖం మారకూడదని మళ్ళీ మళ్ళీ అనుకున్నాను” అన్నారు. మళ్ళీ తనే, “లోపల మాత్రం దేవుడికి మొక్కుకుంటున్నాను, వద్దనాలని. ఎన్ని ఇళ్ళు తిరిగి నిలబెట్టిన కేసది.”

“మరి ఆ మాటే చెప్పొచ్చు కదండీ?”

“చెబితే ఆవిడ నాకోసం వద్దనేవారు. మెట్లు దిగలేక పైన కూర్చోవాల్సింది నేను కాదు కదా.”

మా ఆయన మజ్జిగ పొయ్యబోయి ఆగిపోయారు. నాకు ఆ రోజు వచ్చిన కోపం గుర్తొచ్చింది, ఇప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను. ఎడంచెయ్యే, కుడిచెయ్యి ఎంగిలి.

ఆ తర్వాత చాలాసార్లు వచ్చారు. మిగతా రోజుల్లో మళ్ళీ ఆ పాత క్లినిక్‌కే వెళ్ళి, వెయిటింగ్ రూమ్‌లో వచ్చినవాళ్ళ పక్కన కూర్చునేవారు. ఫలానావాళ్ళు ఇలా అన్నారట అని ఎవరైనా మొదలుపెడితే, చెయ్యి ఎత్తి ఆపి, మీకు జరిగింది చెప్పండి అనేవారు. జడ్జి అని అక్కడెవరికీ చెప్పనివ్వలేదు. ఈ చలికాలంలో ఆవిడకీ మోకాళ్ళు పట్టేసి, మా ఇంటికి రావడం తగ్గింది. కిందటి నెల ఫోన్లో మాట్లాడినప్పుడు కందిపచ్చడి డబ్బాలో పెట్టి పంపమన్నారు. నేనే తెచ్చిస్తానన్నాను. వెళ్ళడం వీలుపడలేదు.

రిచ్‌మండ్ హిల్‌లో ఆవిడకి చివరి దణ్ణం పెట్టి, సాయంత్రం తిరిగొచ్చాం. మా ఆయన కారు పార్క్ చెయ్యడానికి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే లాబీలోకి వచ్చాను. ఆకుపచ్చ కుర్చీలో ఎవరో పెద్దావిడ కూర్చుని ఉంది. ఈమధ్యే వచ్చినట్టుంది, ఏ దేశమో ఏ భాషో తెలియదు. ఒళ్ళో కూరల సంచి, దాని అంచున బెండకాయలు. బటన్ అప్పటికే నొక్కి ఉంది. నేను అలవాటుగా తలుపు పైన అంకెల వైపు చూశాను. ఆవిడ చూడలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఏదో సర్దుకుంటోంది. గంట మోగింది, తలుపు తెరుచుకుంది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులానించి లేచి, లోపలికి నడిచి, నా కోసం తలుపు పట్టుకుంది. ఏ అంతస్తని వేళ్ళతో అడిగింది. పద్నాలుగన్నాను. తలుపులు మూసుకుంటుంటే ఆ సందులోంచి కుర్చీ కనబడింది, సీటు మీద ఆవిడ కూర్చున్న గుంట ఇంకా అలాగే ఉంది.